జడ్జి మొహం

రోబో పోటీకి పోయే పిల్లల ముందు జడ్జీగా కూర్చోవడానికి నాకున్న అర్హత ఒక్కటే, నా మొహం. తమిళనాడులో వేలూరు జిల్లా పేర్ణాంబట్టులో తోళ్ళు శుద్ధిచేసే ఒక తోల్‌షాపులో లెక్కలు రాసి రిటైరైన మనిషిని. అడ్వాన్సు అడగాలని వచ్చినవాళ్ళు నా మొహం చూసి, ఊరికే పలకరించి పోదామని వచ్చినట్టు నటించి వెళ్ళిపోయేవాళ్ళు. యజమాని దాన్ని కంపెనీ ఆస్తుల్లో ఒకటిగా చూసుకున్నాడు. రిటైరయ్యాక దానికి పని లేకుండా పోయింది. ఇంట్లో దాన్ని చూసి భయపడినవాళ్ళు ఏనాడూ లేరు.

అట్లాంటి రోజుల్లో మా వీధి చివర బడిలో సైన్సు చెప్పే మిస్ మా అరుగు దగ్గర ఆగింది.

"సార్, మీరు నవ్వకుండా అరగంట కూర్చోగలరా?"

"నవ్వుతా కూర్చోమంటేనే కష్టమమ్మా."

"అయితే చాలు సార్. మా పిల్లోళ్ళు చెన్నైలో జడ్జీల ముందర మాట్లాడల్ల. ముందే అలవాటు చేయల్ల కదా. మా స్టాఫురూములో అందరివీ నవ్వు మొహాలే."

ఇంత గౌరవంగా నన్నెవరూ పనికి పిలవలేదు. ఒప్పుకున్నాను.

జడ్జీలు అనే సరికి పిల్లల ఇళ్ళల్లో కలకలం లేచింది. జట్టులో ఒక పిల్ల వాళ్ళ అవ్వ నేరుగా మా ఇంటికే వచ్చింది. "ఏం కేసు సామీ? పిల్లకు ఏమన్నా అయితాదా?" అని అడిగింది. ఆమె భయం ఊరికే రాలేదు. పాలారు ఏటిని పాడుచేస్తున్నాయని దాని పొడుగునా ఉన్న తోల్‌షాపుల మీద వేలూరు పౌరుల సంక్షేమ సంఘం వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాడుచేసినవాడే దానికి ఖర్చు పెట్టుకోవాలన్న సూత్రం ఆ తీర్పుతోనే మన దేశంలో గట్టిపడింది. లా కాలేజీల్లో ఈనాటికీ అది పాఠం. మా ఊళ్ళో మాత్రం పాఠం కాదు, ఇంటింటి కథ. షాపుకు పదివేల జరిమానా ఎట్లా పడిందో, ఏ షాపు ఎన్నాళ్ళు మూతపడిందో పెద్దవాళ్ళంతా చెప్తారు. 2025 జనవరిలో అదే పాలారు మీద సుప్రీంకోర్టు మరో తీర్పు ఇచ్చింది. ఇట్లాంటి చోట మనవరాలు జడ్జీల ముందుకు పోతా ఉండాదంటే ఏ అవ్వయినా లాయరును వెతుకుతుంది.

"వీళ్ళు కప్పు ఇచ్చే జడ్జీలు అవ్వా," అన్నాను.

"కప్పు ఇచ్చేదానికి నోటీసు ఎందుకు పంపినారు?" అంది. నోటీసంటే ఏ గదికి ఎన్ని గంటలకు రావాలో రాసిన కాగితం.

పోటీ పేరు ఫస్ట్ లెగో లీగ్. సెగ్వే బండి కనిపెట్టిన డీన్ కామెన్ అనే అమెరికా ఆయన 1989లో ఫస్ట్ అనే సంస్థ పెట్టాడు. బంతి తన్నేవాళ్ళకు పడే ఈలలు, చప్పట్లు మెషీన్లు చేసే పిల్లలకూ పడాలని ఆయన పట్టుదల. 1992లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక హైస్కూలు జిమ్‌లో 28 జట్లతో పెద్ద పిల్లల పోటీ మొదలైంది. 1998లో లెగో కంపెనీ చేయి కలిపితే చిన్నవాళ్ళకు ఈ లీగ్ వచ్చింది. మన దేశంలో 9 నుంచి 16 ఏళ్ళవాళ్ళు, జట్టుకు పదిమందికి మించకుండా చేరవచ్చు. ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు బల్ల మీద రోబో దానంతటది తిరిగి చెప్పిన పనులు చేయాలి. దానికిచ్చే సమయం రెండున్నర నిమిషాలు.

ఇంతవరకూ తల్లిదండ్రులకు నచ్చింది. మార్కుల లెక్క విన్నాకే గొడవ మొదలైంది. ఛాంపియన్ అవార్డుకు రోబో ఆట లెక్క పావు భాగమే. మిగిలిన ముప్పావూ జడ్జీల గదిలో తేలుతుంది. రోబోను ఎట్లా తయారుచేసినారు, ఆ ఏటి సమస్యకు ఏం దారి కనిపెట్టినారు, జట్టులో ఒకరితో ఒకరు ఎట్లా మెలిగినారు అని చూస్తారు. అక్కడ అరగంట. పరిష్కారం గురించి ఐదు నిమిషాలు చెప్పాలి, ఐదు నిమిషాలు ప్రశ్నలకు జవాబివ్వాలి. రోబో గురించీ అంతే. పెద్దవాళ్ళు గదిలో ఉన్నా నోరు విప్పకూడదు.

బల్ల చేయించి ఇచ్చిన కట్టెల మండీ ఆయనకు కోపం వచ్చింది. "టేకు చట్రం వేయించినా. పావు మార్కులకా?" అన్నాడు. కరస్పాండెంటుకు ఇంకా పెద్ద బాధ, నోరు విప్పకూడదన్న నిబంధన దగ్గర. ఆయన బడి పెట్టిందే సభల్లో మాట్లాడడానికని ఊళ్ళో అందరికీ తెలుసు.

నోరు విప్పకూడదు గానీ రాసివ్వకూడదని ఎక్కడా లేదు కదా. పెద్దలంతా కలిసి పిల్లల ప్రసంగం రాశారు. తమిళం చెప్పే అయ్యా సభా మర్యాద రాసిచ్చాడు. అధ్యక్షులకు, న్యాయ నిర్ణేతలకు, విచ్చేసిన పెద్దలకు, తల్లికి, గురువుకు, ఊరికి విడివిడిగా వందనాలు. ఇంగ్లీషు ట్యూషన్ ఆయన 'అనాదిగా మానవుడు' అని మొదలుపెట్టి చక్రం కనిపెట్టిన కాలం మీదుగా వచ్చాడు. హెచ్చెమ్ బడి చరిత్ర చేర్చింది. బల్ల ఇచ్చినాయన తన మండీ పేరు ఒక్కసారన్నా రావాలన్నాడు, రెండు చోట్ల వచ్చింది. మొదటి ఐదు నిమిషాలు అయిపోయే సమయానికి జట్టు కెప్టెన్ ఇంకా అబ్దుల్ కలాం గారి దగ్గరే ఉన్నాడు. రోబో ఊసే రాలేదు.

నేను జడ్జీ కుర్చీలోంచి గంట కొట్టాను.

"తాతా, ఇంకా పొన్నాడై కప్పలేదే!" అన్నాడు కెప్టెన్.

జడ్జీలు గదిలోకి పిలవగానే ముగ్గురు పిల్లలు ముందుకు పోయి శాలువాలు కప్పడం కూడా ప్రసంగంలో ఉంది. శాలువాలు అప్పటికే కొన్నారు. మా జిల్లాలో శాలువా కప్పకుండా ఏ పనీ మొదలు కాదు, కప్పాక ఏ పనీ ముందుకు పోదు. అన్నీ కలిపి లెక్క చూస్తే ప్రసంగం పొడుగు, పోటీవాళ్ళు ప్రశ్నలతో సహా ఇచ్చిన అరగంటను మింగేసి బయటికొచ్చేట్టు ఉంది.

ఇదంతా జరుగుతుండగా నాకు ఫోన్లో ఒక సలహాదారు దొరికాడు. టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉండే మా బావమరిది కొడుకు. అక్కడ మన తెలుగు పిల్లలు రోబో జట్లలో కుప్పలు తెప్పలుగా ఉంటారు, వీడు శనాదివారాలు ఒక జట్టుకు మెంటర్. "మామా, జడ్జీలకు కంఠతా పట్టిన మాటలు అక్కర్లేదు. ఏం చెడింది, ఎట్లా బాగుచేసినారు, మళ్ళీ ఏం చెడింది, అది చెప్తే చాలు. దాన్నే ఇటరేషన్ అంటారు," అన్నాడు.

ఆ మాట పిల్లలకు చెప్పడం మిస్ చేసిన ఘనకార్యం. ఇంటిపని చేయనివాడు 'ఇది ఫస్ట్ ఇటరేషన్ మిస్' అని తెల్ల కాగితం చూపించడం ఆ మరునాడే మొదలైంది.

ఏం చెడిందో చెప్పాలన్న మాట మాత్రం పెద్దల కమిటీకి అస్సలు మింగుడు పడలేదు. "మన తప్పు మనమే చెప్పుకోవడమా? జడ్జీల ముందరా?" అన్నాడు కరస్పాండెంటు. తోల్‌షాపు లెక్కల్లో నా ఉద్యోగమంతా ఏం చెడిందో కాగితం మీద కనబడకుండా చూడడమే కాబట్టి ఆయన బాధ నాకు బాగా అర్థమైంది. మా చదువులూ అంతే. పరీక్ష పేపరులో కొట్టివేత ఉంటే మార్కు పోతుంది. లాబ్ రికార్డులో అందరి లోలకమూ ఒకే వేగంతో ఊగుతుంది. ప్రయోగం చెడిపోయిందని రికార్డులో రాసిన పిల్లవాణ్ణి నేనెక్కడా చూడలేదు, రాసి ఉంటే వాడు మళ్ళీ రాసి ఉంటాడు.

చెడిన సంగతులు మా జట్టు దగ్గర కొదవ లేకుండా ఉన్నాయి. రోబోకు పిల్లలు కౌండిన్య అని పేరు పెట్టారు, మొర్ధానా డ్యాము దాటి గుడియాత్తం మీదుగా పోయే మా ఏటి పేరు. ఆ ఏటిలాగే అదీ ఎప్పుడు పారుతుందో, ఎప్పుడు ఎండుతుందో చెప్పలేం. అన్నిటికంటే పెద్ద సంగతి ఆయుధపూజ నాడు జరిగింది. తోల్‌షాపుల్లో డ్రమ్ములకు, బీడీ మండీలో తక్కెడకు, గుడియాత్తంలో మగ్గాలకు పెట్టినట్టే హెచ్చెమ్ రోబోకూ గంధం పూసి కుంకుమ పెట్టింది. రోబోకు ముందు వైపు కింద ఒక చిన్న గుండ్రటి కన్ను ఉంటుంది, కలర్ సెన్సార్. తానే కాంతి వేసి, తిరిగొచ్చే కాంతిని కొలిచి, కింద నల్ల గీత ఉందో తెల్ల కాగితం ఉందో చెప్పేది అదే. హెచ్చెమ్ చూపుకు అది నుదురుగా కనబడింది.

చక్రాల కింద నిమ్మకాయ పెట్టి స్విచ్ నొక్కారు. లారీ అయితే తొక్కి పోతుంది. కౌండిన్య నిమ్మకాయ ఎక్కలేక ఒక చక్రం గాల్లో తిప్పుతూ అక్కడే నిలబడింది. నిమ్మకాయ తీసేస్తే గీత వదిలేసి బల్ల అంచుకు పోయింది. రెండు రోజులు పిల్లలు ప్రోగ్రాము మార్చారు, చక్రాలు మార్చారు, బ్యాటరీ మార్చారు. మూడో రోజు ఏడో తరగతి పిల్ల ఒకతె, కేసేమోనని మా ఇంటికి వచ్చిన అవ్వ మనవరాలే, రోబోను తిరగేసి చూసి పావడా అంచుతో కన్ను తుడిచింది. అంతే. గీత మీద చక్కగా పోయింది.

ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. శుభ్రమైన కన్నుతో తెల్ల మీద ఎంత రీడింగు వస్తుంది, గంధంతో ఎంత, కుంకుమతో ఎంత, దుమ్ముతో ఎంత అని నోటుపుస్తకంలో పట్టిక వేసింది. ప్రతి పరుగుకు ముందు కన్ను తుడిచి, తెలుపూ నలుపూ కొత్తగా చూపించి మొదలుపెట్టాలని ప్రోగ్రాములో చేర్పించింది. ఈ సంగతి ప్రసంగంలో ఒక్క ముక్క లేదు. "దేవుడి కుంకుమ వల్ల చెడిందని చెప్తారా?" అని హెచ్చెమ్ కొట్టేసింది.

ఆ ఏటి అంశం పురావస్తు తవ్వకాలు. సీజన్ పేరు అన్‌ఎర్త్‌డ్. తవ్వకాల్లో పనిచేసేవాళ్ళకు ఉండే ఒక కష్టం పట్టుకొని దానికి దారి కనిపెట్టాలి. తమిళనాట తవ్వకాలంటే ఇప్పుడు పండగ. వైగై ఒడ్డున కీళడిలో 2014లో మొదలైన తవ్వకాలకు మ్యూజియమే వచ్చింది. ఇనుము వాడకం ఇక్కడ 5,300 ఏళ్ళ నాడే ఉందని 2025 జనవరిలో ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించారు. మా పక్కన తిరుపత్తూరు దగ్గర పైయంపల్లిలో కొత్తరాతియుగం నాటి ఊరును ఎప్పుడో తవ్వి తీశారు.

కమిటీ అందరి నోటా ఒకే మాట: డ్రోను. తర్వాత ఏఐ. తర్వాత ఏఐ ఉన్న డ్రోను. పిల్లలు తలూపి బయటికొచ్చి తవ్వకాల ఫోటోలు పెట్టుకొని కూర్చున్నారు. బీడీ మండీ మనవడు మొదట కనిపెట్టాడు. "ఏందబ్బా, అందరూ గొంతుకూర్చోనే ఉండారు!" నిజమే. గుంటలో మనుషులు పొద్దుగూకులూ గొంతుకూర్చొని చిన్న తాపీతో, కుంచెతో మట్టి గోకుతుంటారు. పక్కకు జరగాలంటే లేవాలి, లేస్తే మోకాలు, కూర్చుంటే నడుము. ఆ కష్టం ఎట్లాంటిదో పేర్ణాంబట్టులో బీడీలు చుట్టిన ఏ ఇంట్లోనయినా తెలుసు. చేట ఒళ్ళో పెట్టుకొని ఉదయం నుంచి దీపాలు పెట్టేదాకా కూర్చున్న అవ్వలే వీళ్ళందరి అవ్వలూ.

ఆ కష్టానికి పిల్లలు కనిపెట్టిన దారి ఒక జానెడెత్తు పీట, కింద గుంట మట్టిలో దిగిపోని వెడల్పు చక్రాలు, కూర్చునేచోట తోలు, పక్కన పెంకులు వేసుకోవడానికి గళ్ళ ట్రే. తోలు షాపుల్లో పారేసే ముక్కలు. కిలో తోలు తయారు చేయడానికి దాదాపు ముప్ఫై ఐదు లీటర్ల నీళ్ళు పడతాయని ఆ 1996 కేసులోనే చెప్పుకున్నారు కాబట్టి, కొత్త తోలు కొనకూడదని పిల్లలు తమకు తామే నిబంధన పెట్టుకున్నారు. మొదటి పీట కట్టెల మండీ ఆయన టేకుతో చేయించాడు, ఎవరూ కదపలేకపోయారు. రెండోది ముందుకు బాగా పోయింది, ఆగలేదు. మూడోదానికి బ్రేకు పెట్టారు.

చేసినదాన్ని నిపుణులకు చూపించి వాళ్ళు చెప్పిన మార్పులు చేయాలి, దానికీ మార్కులుంటాయి. వేలూరు నుంచి ప్రొఫెసర్లను పిలుద్దామని కమిటీ అంది. పిల్లలు పీటను అవ్వల దగ్గరికి తీసుకుపోయారు. మొదటి అవ్వ ఎత్తు తగ్గించమంది. రెండో అవ్వ ట్రే కుడి పక్క కాదు, ఎడమ పక్క ఉండల్ల అంది, కుడిచేయి పనిలో ఉంటాది కదా అని. మూడో అవ్వ, కేసు గురించి అడిగినామె, కూర్చొని వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయి, "బాగుండాది" అని చెప్పి లోపలికి జరిగిపోయింది. పీట తిరిగి ఇవ్వలేదు. పిల్లలు ఇంకొకటి చేసుకున్నారు.

ఇక రిహార్సళ్ళు. భాషల దగ్గరే మొదటి చిక్కు. జట్టులో సగం మంది ఇంట్లో తెలుగు, ముగ్గురికి ఉర్దూ, మిగిలినవాళ్ళకు తమిళం. 2006 చట్టం వచ్చినప్పటి నుంచి బడిలో తమిళం తప్పనిసరి కాబట్టి రాయడం అందరికీ తమిళంలోనే వచ్చు. జడ్జీలకు ఇంగ్లీషు. నేను ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే, ఒకడు దాన్ని తమిళంలో పక్కవాడికి చెప్పేవాడు, వాడు తెలుగులో ఆలోచించేవాడు, ఉర్దూ పిల్లవాడు "నక్కో రే, వో నై!" అని సర్దేవాడు, చివరికి అందరూ కలిసి మిస్ వైపు చూసేవాళ్ళు. ప్రశ్న 'నీ పేరేంటి' అయినా సరే.

"నువ్వు ఏం చేసినావు?" అని అడిగితే కెప్టెన్ మధ్యలో దూకి "వుయ్ హావ్ డన్" అని మొదలుపెట్టేవాడు. వాడికి జట్టంతా కంఠతా వచ్చు. పావడా పిల్ల మాత్రం నోరు తెరవదు. నేను నా మొహాన్ని పూర్తిగా వాడి, మిగతావాళ్ళను బయటికి పంపించి, తెలుగులో అడిగాను.

"కన్ను ఎందుకు తుడిచినావు?"

"గంధం ఉండాది గదా తాతా. మా అవ్వ కండ్లద్దాలకు పిండి అంటుకుంటే కూడా అట్నే, గీతలు కనబడవు. అందుకే చూసినా. చూసి కొలిచినా. కొలవకుంటే వీళ్ళు నమ్మరు."

"ఇదే ఇంగ్లీషులో చెప్తావా?"

"నాకు రాదు."

"వచ్చినంత చెప్పు."

"ఐ సీ. ఐ క్లీన్. ఐ మెజర్. దే బిలీవ్."

ఇరవై ఏళ్ళు ఇంగ్లీషులో ఆడిటర్లకు ఉత్తరాలు రాసిన నాకు నాలుగు వాక్యాల్లో ఇంత పని ఎన్నడూ జరగలేదు. మిస్ ఆ సాయంత్రమే ప్రసంగం కాగితాలు తీసి పక్కన పెట్టింది. కరస్పాండెంటుకు మాత్రం శాలువాల బాధ్యత అప్పజెప్పి, అది గదిలోకి కాదు, ఊరికి తిరిగొచ్చాక పిల్లలకే అని ఒప్పించింది. ఆ మాట చెప్పిన తీరు చూస్తే ఈ పిల్ల బళ్ళో ఎందుకుందో, కలెక్టరాఫీసులో ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు.

సాయంత్రం రిహార్సళ్ళు ఎక్కువసేపు సాగేవి కావు. కొండ పక్క పల్లెల నుంచి వచ్చే ఇద్దరు పిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి. అటు పక్క కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులు అరటి, చెరకు తోటల్లోకి దిగుతుంటాయి. ఏనుగులు దిగినాయని ఫోనొస్తే ఆ రోజుకు జడ్జీ లేచి వెళ్ళిపోవాల్సిందే, తీర్పు వాయిదా.

ప్రశ్నల కంటే కష్టం విలువల పాఠం. ఈ పోటీలో 'గ్రేషియస్ ప్రొఫెషనలిజం' అని ఒకటుంది. ఎంఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ ప్రచారంలోకి తెచ్చిన మాట. గట్టిగా పోటీపడు, పక్కవాణ్ణి మర్యాదగా చూడు, వాడికి సాయం కూడా చెయ్యి అని సారం. పక్కవాడంటే గుడియాత్తం జట్టు. పోటీకి వారం ముందు వాళ్ళ మోటారు ఒకటి పోయింది, మా దగ్గర ఒకటి ఎక్కువ ఉందని తెలిసి అడిగారు. మా కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. పేర్ణాంబట్టు, గుడియాత్తాల మధ్య ఎన్ని లెక్కలు తేలకుండా ఉన్నాయో ఆ రోజు వినాలి. తాలూకా ఎవరిది, రైలు ఎవరిది (రైలు స్టేషను గుడియాత్తానికి ఉంది, మాకు లేదు), గంగమ్మ శిరస్సు తిరునాళ్ళకు మా వాళ్ళకు ఎక్కడ నిలబడే చోటిచ్చారు, అన్నీ మోటారు మీదికి వచ్చాయి.

ఫ్రిస్కో మేనల్లుడు ఫోన్లో పిల్లలకు ఒక కథ చెప్పాడు. 2017లో వాషింగ్టన్‌లో జరిగిన ఫస్ట్ గ్లోబల్ పోటీకి ఆఫ్ఘనిస్తాన్ ఆడపిల్లల జట్టుకు రెండు సార్లు వీసా ఇవ్వలేదట. వాళ్ళ రోబో సామాను కూడా ఆలస్యంగా అందిందట. చివరికి ఎట్లనో అనుమతి వచ్చి, పోయి, ధైర్యానికి వెండి పతకం తెచ్చుకున్నారట. ఇది విని ఉర్దూ పిల్లవాడు, "వాళ్ళకు మోటారు తక్కువైతే ఎవరిచ్చినారు?" అని అడిగాడు. మేనల్లుడు తెలీదన్నాడు. మరునాడు పొద్దున బస్సులో గుడియాత్తానికి మోటారు పోయింది. కమిటీకి సాయంత్రం తెలిసింది.

చెన్నైలో పోటీ రోజు మేమంతా గది బయట కూర్చున్నాం. లోపల మిస్ ఒక్కతే, నోటి మీద వేలు పెట్టుకొని. తలుపుకున్న చిన్న అద్దంలోంచి కరస్పాండెంటు చూస్తూ మాకు వ్యాఖ్యానం చెప్పాడు. "లేచినారు... పీట తీసినారు... జడ్జీ ఆయన కూర్చున్నాడు... ఏందిది, ఆయన పోతా ఉండాడు! పక్క బెంచీ దాకా పోయినాడు!" తర్వాత కాస్త ఆగి, "ఆ పిల్ల మాట్లాడతా ఉండాది. పావడా పట్టుకొని చూపిస్తా ఉండాది. జడ్జీలు నవ్వుతా ఉండారు," అన్నాడు. జడ్జీలు నవ్వడం నా శిక్షణలో లేదు. పిల్లలు తడబడతారేమోనని నేను లేచి నిలబడ్డాను. తడబడలేదు.

బయటికొచ్చాక కెప్టెన్ చెప్పాడు. ఏం తప్పు జరిగిందో చెప్పమని జడ్జీ అడిగారట. వాడు కరస్పాండెంటు మొహం గుర్తుచేసుకొని ఆగిపోయాడట. పావడా పిల్ల కుంకుమ కథ మొత్తం ఇంగ్లీషు, తమిళం కలిపి చెప్పేసిందట. నోటుపుస్తకంలో పట్టిక కూడా చూపించిందట. "హెచ్చెమ్ పేరు చెప్పినావా?" అని హెచ్చెమే అడిగింది. చెప్పలేదట. 'ఒక పెద్దామె' అన్నారట. హెచ్చెమ్ కొంచెం బాధపడింది, పేరు చెప్పనందుకు.

ఆంబూరు బిర్యానీ తింటూ వెనక్కి వచ్చాం. ఛాంపియన్ అవార్డు రాలేదు. రోబో ఆటలో గుడియాత్తం జట్టు మాకంటే ముందుంది, మా మోటారుతో. జడ్జీలు ఇచ్చిన కాగితం తర్వాత చేతికొచ్చింది. ఒక్కో అంశానికి నాలుగు గడులుంటాయి. బిగినింగ్, డెవలపింగ్, అకాంప్లిష్డ్, ఎక్సీడ్స్. చివరి గడికి పోవాలంటే జడ్జీ తన చేత్తో కారణం రాయాలి. మాకు ఎక్కువ టిక్కులు మూడో గడిలో పడ్డాయి. నిపుణులకు చూపించి మెరుగుపరచడం అన్న చోట నాలుగో గడిలో టిక్కు ఉంది. దాని పక్కన ఇంగ్లీషులో ఒక వాక్యం: వాడిన మనిషి తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

ఆ కాగితాన్ని కరస్పాండెంటు ఫ్రేము కట్టించి ఆఫీసు గదిలో పెట్టాడు. వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపిస్తున్నాడు, ముందు సభా మర్యాదతో.

వచ్చే సీజనుకు జట్టు రెండింతలైంది, రెండు జట్లు చేయాలి. అమెరికాలోనో, హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకు ఒక మనవి. మీ పిల్లలు పెరిగిపోయి అటకెక్కించిన లెగో డబ్బాలు, పాత మోటార్లు, వైర్లు, సెన్సార్లు ఉంటే, పారేయకుండా మీకు దగ్గరలో ఉన్న ఏదన్నా చిన్న ఊరి బడికి ఇవ్వండి. మా వైపు వచ్చేట్టయితే గుడియాత్తంలో రైలు దిగి బస్సెక్కితే పేర్ణాంబట్టు, బస్టాండులో రోబో బడి అంటే ఎవరైనా చూపిస్తారు. శాలువాలు మాత్రం తేవద్దు, మా దగ్గర చాలా ఉన్నాయి.